22 వేల డబ్బా సెట్టా, విడివిడిగా కట్టుకునే థియేటరా?

తమ్మీ, నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. హన్మకొండలో అద్దె ఇల్లు, 12 బై 14 అడుగుల హాలు, గోడకు 43 అంగుళాల టీవీ. సినిమాలో పాట వస్తే ఇల్లంతా మోగుతుంది, మాటలొస్తే వినపడవు, రిమోట్ చేతిలో పట్టుకునే కూర్చోవాల్సి వస్తోంది. నెలకు మూడు వేలు పక్కన పెట్టగలవు. చౌరస్తా దగ్గర షాపులో 1000 వాట్ల 5.1 హోం థియేటరు సెట్టు (ఐదు చిన్న స్పీకర్లు, ఒక బేసు పెట్టె) 22 వేలకు, అది కూడా ఈఎంఐ మీద ఇస్తామన్నారు. తీసుకోవాలా, ఒక్కొక్కటే కొనుక్కోవాలా అని అడిగావు.

తీసుకోకు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది. నేను కాజీపేటలో 20 ఏళ్ళకు పైగా టీవీలు, ఆంప్లిఫయర్లు బాగు చేస్తున్నాను. 4440 ఐసీ అనే పాత ఆంప్లిఫయరు చిప్పు బోర్డుల కాలం నుంచి ఇప్పటి రిసీవర్ల (టీవీ చప్పుడు తీసుకొని అన్ని స్పీకర్లకూ పంచే ఆంప్లిఫయర్ల) దాకా నా బల్ల మీదికి వచ్చాయి. ఏది ఎందుకు పాడవుతుందో చూసినవాణ్ణి కాబట్టి, ఏది కొనాలన్న దానికంటే ఏది ఎన్నాళ్ళు ఉంటుందన్న దాని మీదే నా లెక్క నడుస్తుంది.

పెళ్ళైన కొత్తలో నేనూ అలాంటి డబ్బా సెట్టే కొన్నాను. డీవీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో, చుట్టూ ఐదు చిన్న స్పీకర్లు, ఒక బఫరు, అంటే బేసు కొట్టే సబ్‌వూఫరు. మొదటి రెండేళ్ళు ఇంటికొచ్చిన ప్రతివాడికీ వేసి చూపించాను. మూడో ఏడు లెన్స్ పోయింది. ఆ మోడల్ లెన్స్ ఎక్కడా దొరకలేదు. సరే, స్పీకర్లయినా వాడుకుందామంటే అవి 3 ఓములవి (ఓము అంటే కరెంటుకు అడ్డు కొలత, తగ్గేకొద్దీ ఆంప్లిఫయరు మీద భారం), వెనక ఆ సెట్టుకే పట్టే ప్లాస్టిక్ పిన్ను. పిన్ను కోసి వేరే ఆంప్లిఫయరుకు తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోయేది. బఫరుకు సొంత ఆంప్లిఫయరు లేదు, ఆ డబ్బా మీద ఆధారపడి బతికేది. ఒక్క లెన్స్ పోతే ఏడు పెట్టెలూ అటకెక్కాయి. అప్పటికి నేను రిపేరు పనిలో ఉన్నవాణ్ణే, చూసుకో.

ఇక ఆ 1000 వాట్ల సంగతి. ఈసారి షాపుకు వెళ్తే ముందున్న స్టిక్కరు చూడకు. సెట్టును వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గర పవర్ కన్సంప్షన్ అని రాసి ఉన్న అంకె చదువు. చాలా సెట్లకు అక్కడ 100 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది. లోపల కెపాసిటర్లలో దాచుకున్న దానితో క్షణకాలం ఎక్కువ ఇవ్వొచ్చు, కాదనను. కానీ 100 తిని 1000 ఇచ్చే బర్రె ఎక్కడా లేదు.

అసలు నీకు ఎన్ని వాట్లు కావాలో చూద్దాం. అరలో పట్టే మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరుకు ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో చప్పుడు 86 డెసిబెళ్ళ దగ్గర వస్తుంది. నువ్వు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటావు, అక్కడికి వచ్చేసరికి ఓ పది డెసిబెళ్ళు తగ్గుతుంది. రెండు స్పీకర్లు కాబట్టి మళ్ళీ మూడు కలుపుకో. అంటే చెరో వాటుకే దాదాపు 80 డెసిబెళ్ళు. ఇంట్లో మనం సినిమా చూసేది సగటున 70 దగ్గర. బాంబు పేలే సీనులో ఇంకో 20 పైకి ఎగిరినా పది వాట్లతో అయిపోతుంది. నిజమైన 50 వాట్లున్న రిసీవరు నీ హాలుకు చాలా ఎక్కువ. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెళ్ళే, చెవికి అది 'కొంచెం పెంచినట్టుంది' అన్నంత తేడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హోం థియేటరులో ఉండే సామాన్లన్నిటికీ ఆయుష్షు ఒకటే కాదు. స్పీకరు అంటే అయస్కాంతం, తీగచుట్ట, కోను, చెక్కపెట్టె. కోను చుట్టూ ఉండే అంచు రబ్బరుదైతే 20 ఏళ్ళు హాయిగా నడుస్తుంది. ఫోము అంచైతే మాత్రం మన ఎండలకు పదేళ్ళలోపే పొడిపొడిగా రాలుతుంది, కొనేటప్పుడు వేలితో తాకి చూసుకో. రిసీవరు అలా కాదు. అందులో హెచ్‌డీఎంఐ ఉంటుంది, డీకోడర్లుంటాయి, కొన్నేళ్ళకోసారి కొత్త రకం వచ్చి పాతదాని ధర సగానికి పడిపోతుంది. టీవీ ఇంకా తొందరగా పాతబడుతుంది. అందుకని కొత్త పైసలు స్పీకర్ల మీద పెట్టు, రిసీవరును సెకండ్‌హ్యాండులో తీసుకో, టీవీని అన్నిటికంటే చివరికి మార్చు. డబ్బా సెట్టు ఈ మూడింటినీ ఒకే తాడుకు కట్టేస్తుంది. ఒకటి మునిగితే అన్నీ మునుగుతాయి.

కొనడానికి ముందు ఖర్చు లేని పని ఒకటుంది. మాట వినపడకపోవడానికి సగం కారణం టీవీ సెట్టింగులోనే ఉంటుంది. సినిమాను 5.1లో కలిపినప్పుడు మాటలన్నీ దాదాపు మధ్య చానెల్‌లో పెడతారు. నీ టీవీకి మధ్య స్పీకరు లేదు. ఉన్న రెండూ కిందికో వెనక్కో మొహం పెట్టి ఉంటాయి. ఆ ఆరు చానెళ్ళనూ ఈ రెండింట్లో కుక్కేసరికి మాట అడుగున పడిపోతుంది. ఓటీటీ యాప్‌లో ఆడియో దగ్గరికెళ్ళి, తెలుగు 5.1 అని, తెలుగు అని రెండూ ఉంటే ఉత్త తెలుగు ఎంచుకో. టీవీ సౌండ్ సెట్టింగులో క్లియర్ వాయిస్ అనో, నైట్ మోడ్ అనో, వాల్యూమ్ లెవెలర్ అనో ఉంటుంది, ఆన్ చెయ్. దీంతో రోగం పోదు కానీ, నువ్వు పైసలు జమ చేసుకునే ఎనిమిది నెలలూ రిమోట్ పట్టుకునే బాధ తగ్గుతుంది.

రెండోది గది. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టు. 'టింగ్' మని గోడల మధ్య కొట్టుకుంటూ తిరిగే చప్పుడు వినపడితే, ఎంత ఖరీదు స్పీకరు పెట్టినా మాట గజిబిజిగానే ఉంటుంది. మన ఇళ్ళన్నీ అంతే. కింద టైల్స్, పైన స్లాబు, పక్కన సిమెంటు గోడలు, చప్పుడును మింగేది ఏదీ ఉండదు. దీనికి మందు మన ఊళ్ళోనే ఉంది. కొత్తవాడ వెళ్ళి ఒక మందపాటి జంపఖానా తెచ్చుకో. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అయినా చాలామంది ఆన్‌లైన్లో ప్లాస్టిక్ కార్పెట్లే తెప్పించుకుంటున్నారు. దాన్ని టీవీకీ సోఫాకూ మధ్య పరువు. నేల మీద తగిలి లేచే మొదటి ప్రతిధ్వని అక్కడే పుడుతుంది. కిటికీలకు పలచటివి కాకుండా బరువైన కర్టెన్లు, వెనక గోడకు పుస్తకాల అర ఉంటే మరీ మంచిది.

జంపఖానా సన్నటి చప్పుళ్ళనే ఆపుతుంది, బేసును కాదు. మగగొంతులో ఉండే ఊం అనే మోతను కూడా తగ్గించాలంటే మందం కావాలి. నేను చేసిన పని చెప్తాను. నాలుగు అంగుళాల లోతుతో రెండు బై నాలుగు అడుగుల చెక్కచట్రం చేయించి, పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర పత్తి నింపించి, పైన మామూలు కాటన్ బట్ట బిగించాను. అలాంటివి నాలుగు, వెనక గోడకు రెండు, పక్క గోడలకు చెరొకటి. ఎనుమాముల పత్తి మార్కెట్ పక్కన పెట్టుకొని బయటి నుంచి ఫోము పలకలు తెప్పించుకోవడం నాకు మనసొప్పలేదు. ఆ రెండంగుళాల గుడ్లట్టల్లాంటి ఫోము కంటే ఇది బాగా పనిచేస్తుంది కూడా. కానీ పత్తి నిప్పంటుకునే సరుకు. స్విచ్‌బోర్డులకు, దీపం పెట్టే చోటుకు దూరంగా బిగించు.

ఎనిమిది నెలలకు నీ చేతిలో 24 వేలు ఉంటాయి. డబ్బా సెట్టు ధరకు కొంచెం పైన. అందులో పది వేల లోపు సెకండ్‌హ్యాండ్ రిసీవరుకు, మిగతాది కొత్త బుక్‌షెల్ఫ్ జతకు. చూశావా, ఆరు పెట్టెల బదులు మూడే వచ్చాయి. చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ.

రిసీవరు యమహాయో, డెనానో, ఆంక్యోయో, సోనీయో, ఏదైనా సరే, దానికి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉండాలి. ఈ ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో పాటు వచ్చింది. టీవీకి రిసీవరుకు మధ్య ఒక్క కేబులు వేస్తే టీవీలోని చప్పుడు అదే దారిలో వెనక్కి వస్తుంది. పాత రిసీవరు 4కే బొమ్మను మోయలేదు కదా అని భయపడకు. నువ్వు చూసేవన్నీ టీవీలోని యాప్‌లే. బొమ్మ టీవీలోనే ఉంటుంది, చప్పుడు మాత్రమే కిందికి దిగుతుంది. ఓటీటీలు 5.1 చప్పుడును పంపే రకం, డాల్బీ డిజిటల్ ప్లస్, మామూలు ఏఆర్‌సీలోంచే వస్తుంది. దాని కొత్త రకం ఈఏఆర్‌సీ కావాల్సింది బ్లూరే లాంటి వాటి నుంచి అసలు నొక్కని చప్పుడు తీసుకునేవాళ్ళకు. టీవీలో సీఈసీ (టీవీ, రిసీవరు ఒకదాన్నొకటి నడిపే సెట్టింగు) ఆన్ చేసి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పాస్‌త్రూ అనో ఆటో అనో పెట్టాలి. పీసీఎం అని ఉంటే రిసీవరుకు రెండు చానెళ్ళే వస్తాయి. నా దగ్గరికి '5.1 రావట్లేదు, బోర్డు పోయినట్టుంది' అని తెచ్చేవాటిలో సగం ఈ ఒక్క సెట్టింగే. డబ్బులు తీసుకోబుద్ధి కాదు, చాయ్ తాగించి పోతారు.

సెకండ్‌హ్యాండు కోసం హైదరాబాద్ వెళ్ళాల్సి రావచ్చు. పొద్దున్నే రైలెక్కి కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపులు తిరిగి రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ అక్కడ అడుగు పెట్టేముందు వీటిని గుర్తుపెట్టుకో. వెనక రాసిన వోల్టేజీ 230 అని ఉండాలి. జపాన్ నుంచి వచ్చినవి 100 వోల్టులవి, అమెరికావి 120. అవి తళతళలాడుతూ తక్కువకే దొరుకుతాయి, ఇంటికి తెచ్చి మన ప్లగ్గులో పెట్టగానే పొగ. దానికి వేరే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే లాభమంతా అందులోనే పోతుంది. ఆన్ చేశాక రెండు మూడు సెకన్లకు లోపల రిలే 'టక్' మనాలి. అనకపోతే ప్రొటెక్షన్‌లో ఉన్నట్టే, అంటే లోపల ఏదో తేడా ఉండి తనను తాను ఆపుకున్నట్టు. ఒకే స్పీకరును ఐదు చానెళ్ళకూ మార్చి మార్చి పెట్టి విను, ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకూ కేబులు పెట్టి చూడు, అరగంట మోగించి పైన చెయ్యి పెట్టు. వెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత కాలితే వదిలెయ్. రిసీవరుతో వచ్చిన చిన్న కొలత మైకు కూడా అడుగు. యమహాలో వైపావో అంటారు, డెనాన్‌లో ఆడిసీ. దూరాలు, లెవెళ్ళు అదే కొలిచి పెట్టుకుంటుంది. మైకు పోయిందంటే ఒక వెయ్యి తగ్గించమను.

స్పీకర్లు మాత్రం కొత్తవి తీసుకో. కొనేముందు ఆ కంపెనీ అదే సిరీస్‌లో సెంటర్ స్పీకరు (మాటలొచ్చే మధ్య స్పీకరు) అమ్ముతోందో లేదో చూసుకో. రేపు సెంటరు వేరే గొంతుతో పలికితే హీరో కుడివైపు నుంచి మధ్యలోకి నడిచేసరికి మనిషి మారినట్టుంటుంది. 8 ఓములవి, లేదా 6. వూఫరు, అంటే అందులోని పెద్ద కోను, ఐదు అంగుళాలకు తక్కువ వద్దు. ఆన్‌లైన్ రేటింగులు చదివే బదులు షాపులో నీ ఫోన్లో ఉన్న తెలుగు వార్తలు పెట్టించి విను. పాట పెట్టించకు. ఏ స్పీకరైనా పాటకు బాగానే ఉంటుంది. వార్తలు చదివే మనిషి ముక్కుతో మాట్లాడినట్టుందా, బానలోంచి మాట్లాడినట్టుందా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

స్పీకర్లు టీవీకి రెండు వైపులా, నువ్వు కూర్చునే చోటు నుంచి చూస్తే చెరి 30 డిగ్రీలు. అంటే రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, నీకూ వాటికీ అంతే. ట్వీటరు, అంటే సన్నటి చప్పుళ్ళు పలికే చిన్న గుండ్రటిది, నీ చెవి ఎత్తులో ఉండాలి. షోకేసు పైన గణపతి బొమ్మ పక్కన పెడితే ఎలా వినపడుతుంది? కింద పాత హవాయి చెప్పుల రబ్బరు ముక్కలు నాలుగు కోసి పెట్టు, టేబులు వణకదు. నవ్వుతావేమో, ఇంటికొచ్చినవాళ్ళు అది ఏ కంపెనీ ప్యాడ్ అని అడిగారు.

వైరు గురించి ఎవరి మాటా వినకు. మీటరుకు వందలు పెట్టి బంగారుపూత వైరు కొనక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు పోగుల రాగి వైరు చాలు. పది మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపినా అడ్డు ఓములో పావు భాగమే. అల్యూమినియానికి రాగి పూత వేసిన వైరు మాత్రం వద్దు. బ్లేడుతో ఒక పోగు గీకి చూడు, లోపల తెల్లగా కనిపిస్తే అదే. కనెక్షను ఇచ్చేటప్పుడు పోగులన్నీ మెలితిప్పి బిగించు. ఒక్క వెంట్రుకంత పోగు పక్క టెర్మినల్‌కు తగిలితే రిసీవరు ఆగిపోతుంది, ఖర్మ బాగాలేకపోతే అవుట్‌పుట్ కాలుతుంది. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒక స్పీకరుకు తిరగబడితే బేసు మాయమై, మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా తేలుతుంది. అనుమానముంటే రిసీవరు నుంచి వైరు ఊడదీసి, ఒక పెన్సిల్ సెల్లును క్షణం తాకించు. ప్లస్ ఎరుపుకు తగిలితే కోను బయటికి వస్తుంది.

ఇక్కడికే నీ బాధ చాలావరకు తీరుతుంది. రెండు మంచి స్పీకర్లున్నప్పుడు సరిగ్గా మధ్యలో కూర్చున్న మనిషికి మాట టీవీ లోంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో మీరిద్దరే చూస్తారంటే సెంటరును తొందరపడి కొనొద్దు, ముందు సబ్‌వూఫరు తీసుకో. అమ్మా నాన్నా దివాను మీద, పిల్లలు జంపఖానా మీద, చుట్టాలు పక్క కుర్చీల్లో ఉండే ఇల్లైతే మాత్రం సెంటరే ముందు, ఎందుకంటే పక్కన కూర్చున్నవాళ్ళకు మాట దగ్గరి స్పీకరులోకి జారిపోతుంది. నువ్వు అమ్మకు వినపడట్లేదని రాశావు కాబట్టి నీకు నేను సెంటరే చెప్తున్నాను. మూడు నాలుగు నెలల జమ, తొమ్మిది వేల దగ్గర. దాన్ని టీవీ స్టాండు అరలో లోపలికి తోసి పెట్టకు. అంచుదాకా ముందుకు లాగి, ముక్కు కొంచెం పైకెత్తి, చెవుల వైపు చూసేలా పెట్టు. రిసీవరులో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెళ్ళు పెంచు. ఆ రోజు నుంచి రిమోట్ టేబుల్ మీదే ఉంటుంది.

సబ్‌వూఫరు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. డబ్బా సెట్లలో వచ్చేది ఆరున్నర అంగుళాల కోను, పలచటి పెట్టె. అది 80, 100 హెర్ట్‌జ్ (సెకనుకు కంపనాల లెక్క, అంకె తగ్గేకొద్దీ బేసు లోతు) దగ్గర డబ్బు డబ్బుమని ఒకే స్వరం కొడుతుంది. పెళ్ళి బరాత్‌లో దూరంగా వినపడే మోత లాంటిది. నిజమైన బేసు 35 హెర్ట్‌జ్ దాకా దిగుతుంది, చెవికంటే ముందు సోఫాకు తెలుస్తుంది. సొంత ఆంప్లిఫయరున్న పది అంగుళాల యాక్టివ్ సబ్‌వూఫరు, 15, 16 వేలు. కారు వూఫరు కొని వడ్రంగితో పెట్టె చేయించుకుంటానంటే ఆపను, నేనూ చేశాను. కానీ పెట్టె ఎన్ని లీటర్లుండాలో ఆ వూఫరు కాగితంలో ఉంటుంది, దాని ప్రకారమే కొయ్యాలి. గాలి పోయే గొట్టం పెట్టకుండా మూసిన పెట్టె చేయించు. గొట్టం పొడవు లెక్క తప్పితే మళ్ళీ ఆ బరాత్ మోతే.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది కొన్నంత ముఖ్యం. 40 హెర్ట్‌జ్ శబ్దం ఒక్క అల దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. నీ హాలు 14 అడుగులు, అంటే 4.27 మీటర్లు, సరిగ్గా సగం అల. అందుకే ఆ గదిలో 40 దగ్గర ఒక చోట గోల గోలగా, ఇంకో చోట ఏమీ లేనట్టుగా ఉంటుంది. 12 అడుగుల వైపు అదే జబ్బు 47 దగ్గర వస్తుంది. లెక్కలు వద్దనుకుంటే ఒక చిట్కా ఉంది. సబ్‌వూఫరును నువ్వు కూర్చునే సోఫా మీదికి ఎక్కించు. బేసున్న పాట ఒకటి తిప్పి తిప్పి పెట్టి, గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ తిరుగు. ఎక్కడ బేసు స్పష్టంగా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడితే సబ్‌వూఫరును అక్కడ పెట్టు. ఇంట్లోవాళ్ళు చూడకుండా చెయ్యి. తర్వాత రిసీవరులో అన్ని స్పీకర్లనూ స్మాల్ అని, క్రాసోవరు (ఏ అంకె కిందిది సబ్‌వూఫరుకు పోవాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్‌జ్ అని పెట్టు. సబ్‌వూఫరు మీదుండే క్రాసోవరు మరను పెద్ద అంకె వైపు చివరిదాకా తిప్పి వదిలెయ్. రిసీవరు, సబ్‌వూఫరు రెండూ కోస్తే చప్పుడుకు మధ్యలో గుంత పడుతుంది.

పక్కన, వెనక పెట్టే సరౌండ్ స్పీకర్ల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో వచ్చేది వాన, ట్రాఫిక్కు, జనం గోల. ఆరేడు వేలల్లో చిన్న జత చాలు, పాత టూ-ఇన్-వన్ స్పీకర్లు 8 ఓములవి ఉంటే అవీ పనికొస్తాయి. కూర్చున్న మనిషికి పక్క నుంచి కొంచెం వెనక్కి, 110 డిగ్రీల దగ్గర, చెవికంటే రెండడుగులు ఎత్తులో. అద్దె ఇల్లు కాబట్టి గోడకు డ్రిల్లు వెయ్యకుండా స్టాండ్లు చేయించుకో. పైనుంచి కూడా చప్పుడు వచ్చే అట్మాస్ సంగతి ఇప్పుడు మర్చిపో. అద్దింటి స్లాబుకు స్పీకర్లు బిగించనిచ్చే ఓనరు దొరికితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇవన్నీ కలిపితే 54 నుంచి 56 వేలు, 18, 19 నెలలు. ఏ నెలలో ఆగిపోయినా నీ దగ్గర పనిచేసే సెట్టే ఉంటుంది. మధ్యలో ఆసుపత్రి ఖర్చు వచ్చింది, స్కూలు ఫీజు వచ్చింది, సరౌండ్లు ఏడాది ఆలస్యమయ్యాయి, ఏం కాదు. అదే ఈఎంఐ అయితే ఆగదు కదా.

కొన్నవాటిని కాపాడుకోవడం గురించి కొంచెం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది నా పొట్టకూటి విషయం. వేసవిలో మన దగ్గర 44, 45 డిగ్రీలు దాటుతుంది. రిసీవరును అద్దాల అరలో పెట్టి, దుమ్ము పడుతుందని పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుతారు. ఆ గుడ్డే దాని ప్రాణం తీస్తుంది. పైన కనీసం నాలుగు అంగుళాలు ఖాళీ ఉండాలి. బల్లులు వెచ్చదనానికి లోపల దూరి బోర్డు మీద షార్టయి చస్తాయి. పైనున్న గాలి రంధ్రాలకు దోమల జాలీ ముక్క వదులుగా పరిస్తే చాలు. మే నెలలో ఈదురుగాలి, ఉరుము మొదలవగానే ప్లగ్గు పీకెయ్, స్విచ్చు ఆపితే సరిపోదు. కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా. ఇంట్లో పాత రకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే రిసీవరును దాని లైనులో పెట్టకు, ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటూ వేడెక్కుతుంది.

సబ్‌వూఫరులో ఎప్పుడూ ఊం అని సన్నగా మోత ఉంటే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడు. మోత ఆగితే ఎర్తుల గొడవ, రెండు చోట్ల ఎర్తు కలుస్తోంది. దానికి కేబుల్ లైనులో పెట్టే ఐసొలేటర్ దొరుకుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరగ్గొట్టమని ఎవరన్నా చెప్తే వాణ్ణి మళ్ళీ ఇంటికి రానివ్వకు.

గణపతి నవరాత్రులకు గల్లీ పిల్లలు వచ్చి 'అన్నా, నీ ఆంప్లిఫయరు ఒక్క రాత్రికి' అంటారు. నేను ఒకసారి ఇచ్చాను. 8 ఓముల టెర్మినల్‌కు నాలుగు పెద్ద స్పీకర్లు ఒకదానికొకటి సమాంతరంగా కలిపారు. నాలుగు ఎనిమిదులు కలిస్తే రెండు ఓములు. నిమజ్జనం దాకా కూడా ఆగలేదు, మూడో రోజే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. ఇప్పుడు చందా ఇస్తాను, ఆంప్లిఫయరు ఇవ్వను.

టీవీ పెద్దది కావాలా అని కూడా అడిగావు. పది అడుగుల దూరం నుంచి 43 అంగుళాలు చిన్నదే. థియేటరులా కళ్ళ నిండా కనపడాలంటే ఆ దూరానికి 70 అంగుళాల పైనే కావాలి. కానీ సోఫాను ఆరడుగుల దగ్గరికి లాగితే ఇదే టీవీ సరిపోతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. టీవీ వెనక ఫోటో తీసి పెట్టు. ఏ హెచ్‌డీఎంఐ పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉందో, ఆప్టికల్ రంధ్రం ఉందో లేదో కనపడాలి. దాంతో పాటు సోఫా, తలుపులు, కిటికీలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి ఇంకో ఫోటో. అది చూశాక ఏ రిసీవరు వెతకాలో, సబ్‌వూఫరు ఏ మూలకు పోతుందో చెప్తాను. అంతవరకు ఆ షాపులో అడ్వాన్సు ఇవ్వకు.